పడినా తనంతట లేచే పెట్టె కావాలి



బిడ్డకు టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు, మందులుంచిన ఫ్రిజ్ పక్కన అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి కొన్నిచోట్ల మీరు చూసే ఉంటారు. అదీ ఒక కంప్యూటరే. ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రతను కొన్ని నిమిషాలకోసారి రాసుకుంటుంది, అడిగినవారికి ఆ లెక్క అందించే చిన్న సర్వర్‌గానూ పనిచేస్తుంది. టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికే కాదు, గడ్డకట్టినా పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటివి పనికిరావు.

కరెంటు పోయిన రాత్రే ఆ లెక్క మనకు ముఖ్యం. చిక్కేమిటంటే, ఆ రాత్రే పెట్టె కూడా పడిపోతుంది. మెమరీ కార్డు మీద రాస్తుండగా కరెంటు తెగితే లెక్కలే కాదు, ఒక్కోసారి పెట్టెను నడిపించే ప్రోగ్రామే చెడిపోతుంది. కరెంటు వచ్చినా ఇక లేవదు.

యూపీఎస్ పెడితే సరిపోతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. యూపీఎస్ ఉండాల్సిందే. కానీ దాని బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తుంది, ఆ సంగతి కరెంటు పోయినప్పుడు గానీ తెలియదు! పడిన పెట్టె తనంతట లేచే ఏర్పాటే ముందు కావాలి. ప్రోగ్రాములున్న భాగంలో ఏమీ రాయకుండా తాళం వేసి, లెక్కలకు వేరే చోటివ్వాలి. ‘వాచ్‌డాగ్’ అనే కాపలా టైమర్ పెట్టాలి. ‘బాగానే ఉన్నాను’ అని ప్రోగ్రాము వేళకు చెప్పకపోతే అది పెట్టెను మళ్ళీ మొదలుపెడుతుంది. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటరు చిక్కుపడినప్పుడల్లా ఇలాగే తిరిగి లేచింది. అక్కడికి వెళ్ళి స్విచ్ నొక్కేవారెవరు మరి?

నెట్ లేనప్పుడు లెక్కలు పెట్టెలోనే దాచి, వచ్చాక పంపాలి. గడియారం సంగతి చాలామంది మరచిపోతారు. రాస్‌బెర్రీ పై 4 వంటి బోర్డుల్లో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు, టైము నెట్ నుంచే తెచ్చుకుంటాయి. రెండూ పోతే రాత్రి 2 గంటల లెక్కను సాయంత్రానిదిగా రాసేస్తాయి. బటన్ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం చేర్చితే ఈ బాధ తప్పుతుంది.

ఇలాంటి పెట్టెను ఏ ఆసుపత్రికైనా కానుకగా ఇవ్వదలచిన కుటుంబాలకు ఒక మనవి. అమ్మేవారి ఎదుటే పదిసార్లు ప్లగ్గు పీకి పెట్టించండి. నెట్ తీసేసి మరో పదిసార్లు. ఎవరూ చేయి వేయకుండా లేచి, సరైన టైముతో లెక్క చూపితేనే కొనండి. కొన్నాక కూడా, సిస్టర్లు రోజుకు రెండుసార్లు చేత్తో రాసే ఫ్రిజ్ తలుపు మీది చార్టును తీసేయమని మాత్రం అడగకండి.