చరిత్ర మొద్దుల సబ్జెక్టా?

పదో తరగతి దాకా సోషల్ అందరికీ తప్పనిసరి. ఇంటర్‌కొచ్చేసరికి చరిత్ర కోరుకున్నోళ్లకే. మన వాడ పిల్లోడు హెచ్.ఇ.సి.లో చేరతానంటే 'మొద్దుల గ్రూపు' అని నవ్వుతున్నారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరాని పిల్లాడికి చెప్పేది లేదన్నారు. పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. ఆనాడు కులం పేరు చెప్పి ఆపారు. ఈనాడు ఎగతాళి చేసి ఆపుతున్నారు.

ఇంజనీరు కావాలనుకునే బిడ్డను మేం వద్దనం. కూలి చేసి చదివించే తల్లికి కొడుకు ఉద్యోగమే దిక్కు. కానీ గ్రూప్స్ పరీక్షల్లో అడిగేదీ ఈ చరిత్రే. రేపు బడిలో సోషల్ చెప్పాల్సిందీ ఈ చదువు చదివినోళ్లే.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్లు సభ పెట్టి, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికారు. ఈ పాఠాలు మనోళ్లు చెప్పకపోతే ఎవరు చెప్తారు?

సంఘాలకు మా మాట ఒకటే. టెన్త్ ఫలితాలు రాగానే ఇంటింటికీ పోండి. దగ్గర్లోని సర్కారు కాలేజీలో హెచ్.ఇ.సి. ఉందో లేదో కనుక్కోండి. లేకుంటే అందరి సంతకాలతో అర్జీ పెట్టండి. మన చరిత్ర రాసేటోళ్లు మన వాడల్లోంచే రావాలి.

జై భీం!