ఢిల్లీ లేఖ: సభ్యుణ్ణి చూస్తున్న రెండు కళ్లు

పార్లమెంటులో సభ్యుడు మాట్లాడేటప్పుడు సంబోధన సభాపతికి, చూపు కెమెరాకు. 1989 డిసెంబరులో ఉభయ సభలనుద్దేశించి రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని తొలిసారిగా దూరదర్శన్ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. 1994 డిసెంబరు నుంచి ప్రశ్నోత్తరాల సమయం, 2006లో లోక్‌సభ సొంత ఛానలు వచ్చిన పిమ్మట సభాకార్యక్రమాలన్నీ ఇళ్లకు చేరాయి. ప్రజలు చూస్తూంటే ప్రతినిధులు బాధ్యతగా మెలగుతారన్నది ఆనాటి ఆశ. సభ మధ్యకు దూసుకువెళ్లడం, ప్లకార్డులెత్తడం మాత్రం ఆగలేదు.

ఆ సభ్యులే స్థాయీసంఘాలలో వేరే మనుషులవుతారు. 1993లో ఏర్పడిన ఈ సంఘాలు తలుపులు మూసుకుని సమావేశమవుతాయి. మంత్రులకు సభ్యత్వం లేదు, మాబోటి విలేకరులకు ప్రవేశం లేదు. అక్కడ పాలకపక్ష సభ్యులు సైతం అధికారులను నిలదీస్తారు. పలు నివేదికలు ఏకగ్రీవంగా వెలువడతాయి.

అందుచేత కెమెరాలను కట్టివేయడమే మేలని కొందరు విజ్ఞులు వాదించవచ్చు. తెలుగువారికి ఆ వాదంలోని ప్రమాదం అనుభవైకవేద్యం. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించిన వేళ ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. సాంకేతిక లోపమని సంజాయిషీ వచ్చింది. తెలంగాణ ప్రజలు తమ చిరకాల వాంఛ ఈడేరిన ఘడియను చూడలేకపోయారు. సీమాంధ్ర ప్రజలు తమ అభ్యంతరాలకు ఏ గతి పట్టిందో చూడలేకపోయారు. ఆనాటి అనుమానాలకు ఆ చీకటి ఎంతో దోహదం చేసింది.

నా దృష్టిలో స్థాయీసంఘాల స్వేచ్ఛకు మూసిన తలుపులకన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. అక్కడ విప్ చెల్లదు. సభలోనైతే సభ్యుణ్ణి రెండు కళ్లు కనిపెట్టి ఉంటాయి: ఒకటి ఓటరుది, రెండవది పార్టీ అధినేతది. ఓటరు తీర్పు చెప్పేది అయిదేళ్లకొకసారి. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుని పదవికి ఎప్పుడైనా ముప్పే. తక్షణం శిక్షించగలవాని మెప్పుకోసమే మనిషి నటిస్తాడు.

విశ్వాస, అవిశ్వాస తీర్మానాలపై ఓటింగుకే విప్ ధిక్కార అనర్హతను పరిమితం చేయాలని దినేష్ గోస్వామి సంఘం 1990లోనే సిఫారసు చేసింది. ఏ ప్రభుత్వమూ దానిని చేపట్టలేదు. కెమెరా ఉండవలసిందే, సడలవలసింది విప్ పట్టు. అప్పుడు గాని ఓటరు చూపుకు విలువ రాదు.