ఐరోపా యాత్రకు ముందు ఏమి చదవాలి?

విశాఖపట్నం యూనిట్ నుండి ఒక పాఠక మిత్రుడు ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వచ్చే వేసవిలో వారి పదవీ విరమణ. కుమారుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. దంపతులిద్దరూ మూడు వారాలపాటు ఐరోపా చూచి రావాలని సంకల్పించారు. “ఎల్.టి.సి. మీద కాశీ నుండి కన్యాకుమారి దాకా చూశాము. అది దేశం పొలిమేర దాటదు కనుక ఇది సొంత సొమ్ముతో చేసే ప్రయాణం. మళ్ళీ మళ్ళీ చేయగలిగేది కాదు. వెళ్ళే ముందు ఏ పుస్తకాలు చదవమంటారు?” అన్నది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత నాకు కొంత అనుభవం వల్ల, అంతకంటె ఎక్కువగా ఒక పొరపాటు వల్ల వచ్చింది. ఆ పొరపాటు మొదలైన చోటు ఢిల్లీలోని జియా సరాయ్.

ఢిల్లీలో పనిచేసిన మన ఉద్యోగులలో పలువురికి ఈ పేట పరిచితమే. ఐ.ఐ.టి. ప్రాంగణానికి ఆనుకొని ఉన్న ఇరుకు సందుల ఊరు. గేట్ పరీక్షకో, ఇంజనీరింగ్ సర్వీసులకో, సివిల్స్‌కో చదివే పిల్లలు అక్కడ చిన్న చిన్న అద్దె గదులలో ఉంటారు. వారి కోసం శిక్షణ కేంద్రాలు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కొట్లు వెలిశాయి. మన పిల్లలకు పుస్తకాల కోసం ఆ సందులలో తిరగని తండ్రి మా క్వార్టర్లలో అరుదు. సరాయ్ అంటే బాటసారుల సత్రం. కాలూ సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్ అని చుట్టుప్రక్కల పేర్లన్నీ అటువంటివే. ప్రయాణానికి పుస్తకం వెతకడానికి అంతకంటె తగిన పేరుగల చోటు దొరకదని ఆనాడు సంబరపడ్డాను.

అది 2019వ సంవత్సరం. ఒక దుకాణంలో ఐరోపా చరిత్ర కావాలని అడిగాను. దుకాణదారు తల ఎత్తకుండానే “ఏ పరీక్షకు అంకుల్‌జీ?” అన్నాడు. పరీక్ష కాదు, ప్రయాణమని చెప్పగా ఒక్క క్షణం ఆలోచించి, అటకమీది పాత పుస్తకాల కట్ట దించాడు. అందులో దళసరి అట్టతో, రంగుల పటాలతో ఒక ఐరోపా గైడు పుస్తకం కనిపించింది. ధర అరవై రూపాయలు. కొత్త గైడు కొంటే రెండు వేల రూపాయలకు తక్కువ కాదు. ఎంతో మిగిల్చానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

నా శ్రీమతి ఆంగ్లం బోధించిన ఉపాధ్యాయిని. ఏటా ఏదో ఒక తరగతికి ఆన్ ఫ్రాంక్ డైరీ గురించి చెబుతూ ఉండేది. యాత్రలో ఆమె కోరుకున్నది ఒక్కటే: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ బాలిక దాగిన ఇల్లు చూడాలని. 1942 జూలై నుండి 1944 ఆగస్టు వరకు ఎనిమిది మంది ప్రాణాలు గుప్పిట పెట్టుకొని బ్రతికిన ఇల్లది. 1960 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. పారిస్, స్విట్జర్లాండ్ నా కోరికలు. ఆ ఇల్లు మాత్రం ఆమెది.

నా అరవై రూపాయల గైడు ప్రకారం ఉదయమే వెళ్ళి వరుసలో నిలబడితే టిక్కెట్టు దొరుకుతుంది. వెళ్ళాము. అక్కడ టిక్కెట్లు అమ్మే కిటికీయే లేదు. ఏ రోజు, ఏ గంటకు వస్తామో ముందుగానే ఇంటర్నెట్ ద్వారా నమోదు చేసుకున్న వారికే ప్రవేశమట. మేము ఆ ఊళ్ళో ఉండేది రెండు రోజులు. ఆ రెండు రోజులకూ టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ద్వారం వద్ద ఉద్యోగి ఎంతో మర్యాదగా చెప్పాడు. తప్పు వారిది కాదు, దుకాణదారుదీ కాదు. హోటలుకు తిరిగి వచ్చాక పుస్తకం తెరిచి చూస్తే ధరలన్నీ గిల్డర్లలో ఉన్నాయి. 2002లో యూరో నోట్లు రాగానే పోయిన నాణెం అది! ప్రతి పుటలోనూ అచ్చయి ఉన్న సంగతిని నేను గమనించలేదు.

ఆ ఉదయం ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కాలువ గట్టున నిలబడి ఆ ఇంటి కిటికీల వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి ప్రక్కనే ఉన్న వెస్టర్‌కెర్క్ చర్చి గడియారం మోగింది. “ఈ గంటల గురించే ఆ పిల్ల డైరీలో వ్రాసుకున్నది” అన్నది. నాకు అది ఉత్త గంటల మోత. ఆమెకు మాత్రం గోడకు అవతలి నుండి వినిపించినట్లయింది. మేము తిరిగి వచ్చిన మరుసటి సంవత్సరం కరోనా వచ్చింది. తరువాత ఆమె మోకాళ్ళు అరిగాయి. ఆ ఇంటి నిటారు మెట్లు ఎక్కే స్థితి ఇక లేదు.

మిత్రునికి నేను ఇవ్వదలచిన సలహా అంతా ఈ అనుభవంలోనే ఉన్నది. గైడు పుస్తకం తలుపు లోపలికి తీసుకువెళ్తుంది. చరిత్ర ఆ తలుపు వెనుక ఏమి జరిగిందో చెబుతుంది. రెండూ వేరు పనులు. కనుక రెండింటినీ ఎంచుకొనే పద్ధతి కూడా వేరు.

మొదట గైడు సంగతి. ఇవి కొత్తవేమీ కావు. లండనులో జాన్ ముర్రే ఐరోపా ఖండానికి చేతి పుస్తకం ప్రచురించినది 1836లో. జర్మనీలో కార్ల్ బెడెకర్ అదే కాలంలో మొదలుపెట్టిన గైడ్లు ఎంత ప్రసిద్ధి పొందాయంటే, ఐరోపాలో బెడెకర్ అంటేనే గైడు పుస్తకమని అర్థం ఏర్పడింది. 1957లో ఆర్థర్ ఫ్రామర్ రోజుకు అయిదు డాలర్లతో ఐరోపా చూడవచ్చునని పుస్తకం వ్రాశాడు. నేడు అయిదు డాలర్లకు అక్కడ భోజనం కూడా రాదు. గైడు పాతబడే పుస్తకమని ఇదొక్కటే చెప్పగలదు. అందుచేత దానిని పాత పుస్తకాల అంగడిలో కొనరాదు. అట్ట చూసి మోసపోక, లోపలి పుటలో ముద్రణ సంవత్సరం చూడండి. 2019 ఏప్రిల్‌లో కాలిపోయిన పారిస్ నోత్ర్‌దామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్ళీ తెరుచుకున్నది. ఆ సంగతి లేని గైడు మీకు పనికిరాదు. ముందస్తు టిక్కెట్లు, సెలవు దినాలు గైడులో చూసి, ఆయా ప్రదర్శనశాలల వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోండి. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. పారిస్‌లో మీకున్నది ఆ ఒక్క మంగళవారమే అయితే ఏమి చేస్తారు?

ఏ కంపెనీ గైడు నమ్మదగినది అని అడుగుతారేమో. దీనికి నేనొక చిట్కా కనిపెట్టాను. ఆ కంపెనీయే ఢిల్లీ గురించి వేసిన పుస్తకం దుకాణంలో తెరిచి, మీకు తెలిసిన చోటు గురించి ఏమి వ్రాశారో చదవండి. జియా సరాయ్‌కి దగ్గరలోనే హౌజ్ ఖాస్ ఉన్నది. చెరువు త్రవ్వించినది అల్లావుద్దీన్ ఖిల్జీ, గట్టున మదర్సా కట్టించినది ఫిరోజ్‌షా తుగ్లక్ అని సరిగా చెప్పారా? ఆ ఫిరోజ్‌షా వజీరు మన ఓరుగల్లు నుండి వెళ్ళిన మక్బూల్ తిలంగాణీ. నిజాముద్దీన్‌లో ఉన్న ఆయన అష్టకోణపు సమాధి గురించి ఒక్క వాక్యమైనా ఉన్నదా? తెలిసిన ఊరి విషయంలో శ్రద్ధ చూపిన వారిని తెలియని ఊరి విషయంలో నమ్మవచ్చును.

ఇక చరిత్ర. ఇది పాతదైనా ఫరవాలేదు. ఇక్కడే జియా సరాయ్ నిజంగా ఉపకరిస్తుంది. 2013 నుండి సివిల్స్ మెయిన్స్ పరీక్షలో ప్రపంచ చరిత్ర చేరింది. ఆ పరీక్షకు చదివే పిల్లలు కొనే పుస్తకాలే మనకూ చాలు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2006, 2007 సంవత్సరాలలో తెచ్చిన తొమ్మిది, పది తరగతుల చరిత్ర పుస్తకాలలో ఫ్రెంచి విప్లవం, ఐరోపాలో జాతీయవాదం అనే పాఠాలున్నాయి. రెండు సాయంత్రాలలో చదవవచ్చును. ఆపైన నెహ్రూ గారు 1930–33 మధ్య జైళ్ళ నుండి కుమార్తెకు వ్రాసిన ప్రపంచ చరిత్ర లేఖలు తీసుకోండి. భారతీయుని కంటితో ఐరోపాను చూచిన గ్రంథమది. అది పెద్దదనుకుంటే, వియన్నాలో గోంబ్రిక్ 1935లో బాలల కోసం వ్రాసిన చిన్న ప్రపంచ చరిత్ర ఉన్నది. మనుమరాలితో కలసి చదవదగినది. పదమూడు వందల పుటల ఉద్గ్రంథాలు పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకోవచ్చు. వీసా కాగితాల హడావిడిలో అవి సగంలో ఆగిపోతాయి.

చరిత్రకు కూడా ఒక పరీక్ష ఉన్నది: అది మన గురించి ఏమంటున్నది? మీ యాత్రలో లండను ఉంటే (దానికి షెంగెన్ వీసా చెల్లదు, వేరుగా తీసుకోవాలి) బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గదికి తప్పక వెళ్ళండి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడ ఎక్కి, 1880లో ఆ మ్యూజియానికి వచ్చాయి. ఈ చరిత్ర తెలియనివారికి అవి చక్కని బొమ్మలు. తెలిసిన తెలుగువారు వాటి ముందు కొంతసేపు మౌనంగా నిలబడిపోతారు.

మూడవ రకం పుస్తకం కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. మనకంటె ముందు వెళ్ళిన మనవారి మాట. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుండి బయలుదేరి పదిహేను నెలలు తిరిగి వ్రాసిన కాశీయాత్ర చరిత్ర ఐరోపాది కాకపోయినా, ఊరిని ఎలా చూడాలో నేర్పుతుంది. ధరలు, నీళ్ళు, దారులు, మనుషులు, అన్నీ ఆయనకు పట్టాయి. పోతం జానకమ్మ అనే తెలుగు మహిళ ఇంగ్లండు వెళ్ళి తాను చూచినది మొదట తెలుగులో వ్రాసి, తరువాత స్వయంగా ఆంగ్లంలోకి మార్చగా 1876లో మద్రాసులో ప్రచురితమయింది. ఆ రోజులలో సముద్రం దాటిన ఇల్లాలు తన మాటలలో ఏమి వ్రాసుకున్నదో ఒక్కసారి చూడండి.

మిత్రులకు మనవి. మూడు నెలల ముందు మొదలుపెట్టండి. రోజుకు అరగంట చాలు. మొదటి నెలలోనే గైడు తెరిచి, ముందుగా టిక్కెట్టు తీసుకోవలసిన స్థలాల పట్టిక తయారుచేయండి. మిగిలిన రెండు నెలలు చరిత్రకు. చదివినది చిన్న నోటు పుస్తకంలో ఊరికి రెండు పుటల చొప్పున వ్రాసుకోండి. విమానంలో గైడు, ఆ నోటు పుస్తకం చాలు. అన్నిటికంటె ముఖ్యం: పట్టిక వేసేటప్పుడు మీ శ్రీమతి గారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, వారు చూడాలనుకున్న చోటు ఏదో అడిగి, దానిని మొదటి వరుసలో వ్రాయండి. నేను ఆ పట్టిక ఒంటరిగా వేసుకున్నాను. అసలు పొరపాటు అదే.