బిగిసిన భుజం: ఎంత సాగదీయాలి, ఎక్కడ ఆపాలి

బేస్‌బాల్‌లో బంతి విసిరేటప్పుడు ప్రొఫెషనల్ పిచర్ భుజం సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో లోపలికి తిరుగుతుంది. బంతి చేయి దాటాక ఆ వేగాన్ని అదుపు చేసే భారం భుజం వెనుక కండరాల మీద, కీలును చుట్టి ఉండే పొర మీద పడుతుంది. రోజూ ఇదే జరిగితే అవి బిగుసుకుంటాయి. చేయి లోపలికి తిరగడం తగ్గుతుంది. పిల్లల విసురులో వేగం తక్కువే అయినా భారం పడే చోటు అదే.

అయితే కదలిక తగ్గిన ప్రతి భుజమూ బిగిసినట్టు కాదు. పుట్టుకతో దండచేయి ఎముక వెనక్కి మెలితిరిగి ఉండి, ఎదుగుతున్నకొద్దీ ఆ మెలిక తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి బంతులు విసిరే చేతిలో అంతగా తగ్గదు. అందుకే ఆ చేయి బయటికి ఎక్కువగా, లోపలికి తక్కువగా తిరుగుతుంది. ఎముకలోని ఈ మార్పును ఏ సాగదీతా సరిచేయలేదు. తేడా తేల్చాలంటే రెండు చేతులూ లోపలికి, బయటికి కలిపి మొత్తం ఎంత తిరుగుతాయో కొలవాలి. మొత్తం సమానంగా ఉంటే కారణం చాలావరకు ఎముకే. విసిరే చేతికి అయిదు డిగ్రీలకు మించి తగ్గితే కండరాలనూ పొరనూ అనుమానించాలి. ఈ కొలత లేకుండా పిల్లలందరిచేతా ఒకే వ్యాయామం చేయించడం సరికాదు.

కండరాలు, పొర బిగిసినట్టు తేలితే రెండు సాగదీతలు పనికొస్తాయి. స్లీపర్ స్ట్రెచ్‌లో విసిరే చేతి వైపు ఒత్తిగిలి పడుకుని, మోచేతిని భుజానికి ఎదురుగా చాచి, లంబకోణంలో వంచి, రెండో చేత్తో ముంజేతిని నేలవైపు మెల్లగా నొక్కాలి. క్రాస్ బాడీ స్ట్రెచ్‌లో మోచేతిని ఛాతీకి అడ్డంగా లాగాలి. ఒక్కోసారి 30 సెకన్లు, మూడు నుంచి అయిదు సార్లు చాలు. లాగినట్టు తెలియాలి తప్ప నొప్పి పుట్టకూడదు.

జపాన్‌లో హైస్కూల్ ఆటగాళ్లపై జరిగిన అధ్యయనంలో స్లీపర్ స్ట్రెచ్ చేసినవారికి భుజం, మోచేయి గాయాలు తగ్గాయి. సాగదీతకు బలం పెంచే కసరత్తులు జోడించిన 'యోకోహామా బేస్‌బాల్-9' కార్యక్రమం పిల్లల్లో మోచేయి గాయాలను దాదాపు సగానికి తగ్గించింది.

భుజం దగ్గర దండచేయి పైభాగంలో నొప్పి ఉంటే మాత్రం సాగదీత ఆపాలి. దండచేయి పొడవు పెరుగుదలలో దాదాపు 80 శాతం అక్కడి ఎదుగుదల పలక నుంచే వస్తుంది. 11 నుంచి 16 ఏళ్ల పిచర్లలో అది దెబ్బతినడాన్ని 'లిటిల్ లీగర్స్ షోల్డర్' అంటారు. దానికి మందు విశ్రాంతే, సాధారణంగా మూడు నెలలు.

ఈ గాయాలకు అసలు కారణం విసుర్ల సంఖ్య. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ 2007లో పరిమితులు తెచ్చింది: 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులు దాటకూడదు. జపాన్ హైస్కూల్ బేస్‌బాల్‌లో 2020 నుంచి వారానికి 500 బంతుల పరిమితి ఉంది. కానీ ఒకే పిల్లవాడు రెండు జట్లకు ఆడితే ఏ జట్టు లెక్క దానిదే. కలిపి చూసుకోవాల్సింది తల్లిదండ్రులే.