చేతికి నప్పే కీబోర్డు మన హాస్టళ్ళకు ఎందుకు కావాలి?

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని సామెత. టైపు పరీక్ష తప్పిన కుర్రవాడు కీబోర్డు మీద నెపం పెడితే మన పెద్దలు ఈ సామెతే వినిపిస్తారు. మరి మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలి? హాస్టల్‌కు ఎవరైనా కంప్యూటర్ ఇస్తే తెర ఎంత పెద్దది, మెమరీ ఎంత అని అందరం అడుగుతాం. కీబోర్డు ఎలాంటిదని అడిగేవారు లేరు. కూర్చున్నంత సేపూ పది వేళ్ళూ తగిలేది మాత్రం దానికే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, పూర్వ విద్యార్థులుగా, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

మనది ఓడరేవు నగరం, ఉక్కు నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఈ ఊళ్ళో క్రేన్లు, కొలుములు ఎంత ముఖ్యమో కాగితం కూడా అంతే ముఖ్యం. దిగిన ప్రతి సరుకుకూ, గేటు దాటిన ప్రతి లారీకీ ఒక కాగితం ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు టైపు చేయాలి. అందుకే పాతతరం వారు పదో తరగతి కాగానే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరేవారు. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. ఆ సర్టిఫికెట్ పేద ఇంటికి ఒక ఉద్యోగపు మెట్టు.

ఆ మెట్టు ఇప్పటికీ పోలేదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి పరీక్షలో గుమాస్తా ఉద్యోగానికి ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు కొట్టాలి. అంటే గంటకు 10,500 నొక్కుల వేగం. రాత పరీక్షలో నెగ్గి ఇక్కడ జారిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు ఏళ్ళ తరబడి అలవాటు ఉంటుంది. మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉన్నది సెల్‌ఫోన్ మీద రెండు బొటనవేళ్ళ అలవాటు. ఈ తేడా తెలివిలో లేదు, పనిముట్టులో ఉంది.

పనిముట్టు కథ కొంచెం తెలుసుకుందాం. 1874లో అమ్మకానికి వచ్చిన రెమింగ్టన్ టైపు మిషన్ పై వరుసలో ఉన్న క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అక్షరాలే నేటి కీబోర్డు మీదా ఉన్నాయి. మన దేశంలో గోద్రెజ్ వారు 1955లో టైపు మిషన్లు మొదలుపెట్టి 2009లో తయారీ ఆపేశారు. ఆ మిషన్ మీద చిటికెన వేలితో కూడా మీటను అడుగుదాకా కొట్టాలి. అదే అలవాటుతో కంప్యూటర్ కీబోర్డును బాదితే వేళ్ళు నొప్పెట్టక మానవు.

కంప్యూటర్లు వచ్చాక 1985లో ఐ.బి.ఎం. వారు మోడల్ ఎం అనే కీబోర్డు తెచ్చారు. ప్రతి మీట కింద ఒక స్ప్రింగు ఉంటుంది. అది వంగిన క్షణంలోనే టక్కుమని శబ్దం వస్తుంది, అక్షరమూ పడుతుంది. నలభై ఏళ్ళ కిందటి వాటిని కూడా బాగుచేసి వాడుకునేవారు ప్రపంచమంతా ఉన్నారు. తరువాత ధర తగ్గించడానికి స్ప్రింగు బదులు రబ్బరు బుడిపెలు పెట్టారు. మన కంప్యూటర్ గదుల్లో కనిపించేవి ఎక్కువగా ఇవే. కొత్తలో బాగానే ఉంటాయి. రబ్బరు అలసిపోయాక మీట మెత్తబడి, అక్షరం పడిందో లేదో వేలికి తెలియదు. కన్ను కీబోర్డు మీదికి దిగుతుంది, వేగం పోతుంది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ వేరే స్విచ్చి ఉంటుంది. జర్మనీ చెర్రీ కంపెనీ స్విచ్చిలు ఇందులో పేరుపొందాయి. మీట సుమారు నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది, సగం దిగేసరికే అక్షరం పడుతుంది. అడుగుదాకా కొట్టనవసరం లేదు. మన దేశంలో టి.వి.ఎస్. గోల్డ్ ఈ రకానిదే.

ఎన్నుకునేటప్పుడు రంగు దీపాలు చూడకండి. నీలం స్విచ్చి టక్కుమంటుంది, నేర్చుకునేవారికి మంచిది. కాని పదిమంది పడుకునే గదిలో రాత్రి పదకొండు గంటలకు నీలం స్విచ్చి మోగిస్తే పక్కవాడు ఊరుకోడు. అక్కడికి గోధుమరంగు స్విచ్చి నయం. దానిలో శబ్దం తక్కువ, వేలికి చిన్న ఆనవాలు మాత్రం తెలుస్తుంది. ఎరుపు స్విచ్చి తేలికగా, అడ్డులేకుండా దిగుతుంది. మన ఊరి ఉప్పుగాలి, బొగ్గు ధూళి సంగతి మీకు తెలిసిందే. మీటల తొడుగులు ఊడదీసి తుడుచుకునే వీలున్నది తీసుకోండి. తెలుగు టైపు కోసం వేరే కీబోర్డు అక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఇదే కీబోర్డు మీద నేర్చుకోవచ్చు.

ఎంత మంచి కీబోర్డైనా కూర్చోవడం సరిగా లేకపోతే వృథా. ట్రంకు పెట్టె మీద పెట్టి కొట్టేవారు మోచేతి ఎత్తుకు వచ్చేలా చూసుకోండి. మణికట్టు తిన్నగా ఉండాలి. కీబోర్డు వెనక ఉన్న చిన్న కాళ్ళను మడిచేయండి. అవి లేపితే మణికట్టు వెనక్కి వంగుతుంది.

పరీక్ష కేంద్రంలో ఇచ్చేది మామూలు కీబోర్డే కదా, ఇక్కడ ఖరీదైనది ఎందుకు అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వేలికి మీట స్థానం, అక్షరం పడిన జాడ స్పష్టంగా తెలిసేటప్పుడు అలవాటు తిన్నగా కుదురుతుంది. కుదిరిన చెయ్యి నెల రోజుల్లో మరో కీబోర్డుకు సర్దుకుంటుంది. కనుక నేర్చుకోవడం మంచిదాని మీద, పరీక్షకు ముందు నెల మామూలుదాని మీద. రెండూ ఉండాలి.

రెండు మూడు వేల రూపాయలతో మంచి మెకానికల్ కీబోర్డు వస్తుంది. ఒక స్విచ్చి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. పూర్వ విద్యార్థి మిత్రులారా! మనం ఏటా శాలువాలకు, జ్ఞాపికలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి హాస్టల్‌కు రెండు కీబోర్డుల చొప్పున ఇద్దాం. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! రోజూ అరగంట, మీటల వంక చూడకుండా కొట్టండి. చెయ్యి తిరగడం మీ వంతు. మద్దెల ఓడు కాకుండా చూడడం మా వంతు.