ఒకే మడి.. ఎన్ని ముక్కులో!

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ బస్సెక్కితే నేను ఫోన్ జేబులో పెట్టేస్తా. కిటికీ పక్కనే సాగర్ ఎడమ కాల్వ కింది పొలాలు. కరిగెట దున్నే రోజులైతే ఇంకా బాగుంటుంది. ట్రాక్టర్ వెనక తెల్లకొంగల గుంపు, గట్టు మీద గుడ్డికొంగ, నీళ్లలో నత్తగుల్ల కొంగ, కరెంటు తీగ మీద పాలపిట్ట.

ఒకే మడిలో ఇన్ని పిట్టలు తింటే కొట్లాట రాదా? పెద్దగా రాదు. ఎవరి పద్ధతి వాళ్లది. తెల్లకొంగ ట్రాక్టర్ లేపిన పురుగుల వెంట పడుతుంది. ఒకప్పుడు ఎడ్ల వెంట నడిచేది, ఇప్పుడు బండి మార్చిందంతే. గుడ్డికొంగ కదలకుండా నిలబడి కప్పనో చేపపిల్లనో పడుతుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది. దాని తిండి ఎక్కువగా నత్తలే. పాలపిట్ట తీగ మీంచి నేలను చూస్తూ మిడత కనబడగానే దిగుతుంది. పక్కనే ఉన్న చీలిక తోక ఏట్రింత గాల్లో ఎగిరే పురుగును కూడా వదలదు.

అమెరికాలో రాబర్ట్ మెకార్థర్ అనే శాస్త్రవేత్త 1958లో ఇలాంటి సంగతే రాశాడు. ఒకే రకం చెట్ల మీద ఐదు జాతుల పిట్టలు పురుగులు తింటున్నాయి. ఒకటి కొమ్మల చివర, ఇంకొకటి మొదలు దగ్గర.. ఇలా చోటు పంచుకున్నాయి.

పద్ధతులు వేరే. పళ్లెం మాత్రం ఒక్కటే.

యాసంగి కోతలయ్యాక ఆ పళ్లేనికే నిప్పు పెడుతున్నాం. కొయ్యకాళ్లు కాలే రోజు పాలపిట్టలు, ఏట్రింతలు పొగ చుట్టూ చేరి పారిపోయే మిడతల్ని పట్టుకుంటాయి. ఆ విందు ఒక్క పూటే. తర్వాత మిగిలేది బూడిద. రైతును తిట్టి లాభం లేదు. హార్వెస్టర్ వదిలిన గడ్డి తీయించాలంటే కూలీ కావాలి, అగ్గిపుల్లకు ఖర్చు లేదు. గడ్డిని కట్టలు కట్టే యంత్రం, నేలలో కలియదున్నే రోటవేటర్ తక్కువ కిరాయికి దొరికితేనే మంట ఆగుతుంది. ఊళ్లో అడగాల్సింది అదీ.

2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో, దేశంలో 30 శాతానికి పైగా తగ్గిన పక్షుల జాబితాలో పాలపిట్ట ఉంది. అది మన రాష్ట్ర పక్షి.

దసరా సాయంత్రం సూర్యాపేటలో జమ్మికి పోతూ అందరం తీగల వైపే చూస్తాం. వేసవిలో మనం కాల్చిన మడి పక్కనే నిలబడి, పాలపిట్ట ఎందుకు కనబడట్లేదని ఒకరినొకరం అడుగుతాం.