నాయకుడు, అనుచరులు

జీతము పెంచినగాని పని సాగదని మన సంస్థల పెద్దలు వాపోవుచుందురు. తగిన జీతము వలదని నా వాదము కాదు. కాని 1921లో చీరాల పేరాల వాసులు సుమారు 13,000 మంది, మునిసిపాలిటీ పన్నుకు లొంగక ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని 11 నెలలు ఎండవానల కోర్చిరి. వారికెవ్వరు జీతమిచ్చిరి? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారి నడుమ నుండిరి. ఆయన కూర్చిన రామదండు వారికి సేవచేసెను.

అయినను లోపమును దాచరాదు. ఆయన జైలుపాలై, ధనమును కొరవడగా జనులు తిరిగి ఊరు చేరిరి. ఆయన స్థానమున నిలువగల రెండవవాడు లేకపోయెను. మా వకీళ్లును జూనియరుచే కాగితములు వ్రాయింతురు గాని వాదింపనీయరు, నేనును అట్టివాడనే. అధ్యక్షులారా, కార్యదర్శులారా, రేపు మీరు మంచము పట్టినచో మీ పని నెవరు నడుపుదురో పేరు చెప్పగలరా?